తాత జబ్బు, తాత తప్పెట: ఇంటి కథను పిల్లల బొమ్మల నవలగా తయారు చేయడం ఎలా?

మా నాన్నకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ (మెషీన్‌తో రక్తం కడగడం). ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య. ఆయన కథను నేనూ మా తొమ్మిదేళ్ల అమ్మాయీ కలిసి 48 పేజీల బొమ్మల నవలగా చేసి ఇంట్లో పిల్లలకు ఇచ్చాం. ఆ పుస్తకం చేతులు మారుతూ చాలా ఇళ్లకు వెళ్లింది. అప్పటి నుంచి ప్రశ్నలు ఆగలేదు. "మా అత్తకు క్యాన్సర్, పిల్లలకు ఇలా చెప్పొచ్చా?", "మా మామ్మ అన్నీ మర్చిపోతోంది, కథ ఎక్కడ మొదలుపెట్టాలి?", "మాకు బొమ్మలు రావు, ఎలా?" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే వరసగా రాసిపెడితే మేలనిపించింది.

మా పుస్తకంలో జబ్బు కిడ్నీలది. పిల్లలకు అందాల్సిన వారసత్వం మా నాన్న చిన్నప్పటి నుంచి వాయించిన తప్పెటగుళ్లు (ఛాతీ మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే జానపద కళ). మీ ఇంట్లో రెండూ వేరుగా ఉంటాయి. పని వరస మాత్రం ఇదే.

మాకు అయిదు నెలలు పట్టింది, అదీ ఆదివారాలూ సెలవులూ మాత్రమే కూర్చుంటే.

మొదలుపెట్టేముందు దగ్గర ఉండాల్సినవి

- గీతల్లేని నోటుపుస్తకాలు రెండు: ఒకటి పెద్దవాళ్లకు, ఒకటి పిల్లలకు
- పెన్సిలు, రబ్బరు, నల్ల జెల్ పెన్ను, నాలుగైదు రంగులు
- మాటలు రికార్డు చేసుకోవడానికి ఫోను
- పాత ఫొటోలు (ఆల్బమ్‌లో అతికించినవి పీకకండి, ఫోనుతో ఫొటో తీసుకుంటే చాలు)
- జబ్బు గురించి తెలిసిన మనిషి ఒకరు: నర్సు, టెక్నీషియన్ లేదా డాక్టరు

## 1. ముందు జబ్బుపడిన మనిషి ఒప్పుకోవాలి

ఇది పుస్తకం అయ్యాక చేసే పని కాదు. మొదటి గీతకు ముందే చేయాలి. "నీ మీద పుస్తకం రాస్తాం నాన్నా" అంటే ఎవరైనా "నా మీద ఏముందమ్మా రాయడానికి" అనే అంటారు. దాన్ని ఒప్పుకోలు అనుకోకండి. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి:

- ఏది తప్పకుండా ఉండాలి?
- ఏది ఉండకూడదు?
- ఎవరెవరు చదవొచ్చు? మన ఇంటివాళ్లేనా, బయటివాళ్లు కూడానా?

మా నాన్న సూదులు చూపించమన్నారు, చేతి మీది ఉబ్బు చూపించమన్నారు. "మంచం మీద నోరు తెరుచుకుని పడుకున్నట్టు మాత్రం గీయకండమ్మా" అన్నారు. నేను అప్పటికే ఆ బొమ్మ గీసి ఉన్నాను. ఆ కాగితం ఆయన ముందే చించేశాను. పుస్తకం మొత్తంలో ఆయన డయాలసిస్ మంచం మీద కళ్లు తెరిచే ఉంటారు.

మర్చిపోయే జబ్బు ఉన్నవాళ్లు ఇవాళ ఒప్పుకుని రేపు అదేం గుర్తులేదనవచ్చు. అలాంటప్పుడు ప్రతి కూర్చునే సారీ మళ్లీ అడగాలి. ఆ రోజు ముఖం చిట్లించారంటే ఆ రోజు పని ఆపేయడమే.

## 2. పిల్లల ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి

ఒక పది రోజులు పిల్లలు అడిగిన ప్రతిదీ ఉన్నదున్నట్టు రాయండి. వాక్యం సరిచేయకండి. మా నోటుపుస్తకంలో పడినవి కొన్ని:

- తాతను ముట్టుకుంటే నాకూ వస్తదా?
- నేను తాత మీదెక్కి ఆడినందుకే వచ్చిందా?
- రక్తమంతా గొట్టాల్లోకి వచ్చేస్తే లోపల ఏముంటది?
- దాహమేస్తే నీళ్లెందుకు ఇవ్వరు?
- ఎప్పుడు తగ్గిపోద్ది?
- తాత చచ్చిపోతాడా?

రెండో ప్రశ్న చూసి నేను నిద్రపోలేదు. ఆరు నెలలుగా ఆ పిల్ల ఆ మాట మనసులో పెట్టుకుని తిరిగింది. పెద్దవాళ్లు పిల్లల ముందు గుసగుసలాడితే పిల్లలు ఖాళీలను తమ తప్పుతోనే నింపుకుంటారు. అందుకే ఈ జాబితాయే మీ కథకు వెన్నెముక. పుస్తకం పూర్తయ్యాక ఒక్కో ప్రశ్న ఎదురుగా జవాబు ఉన్న పేజీ నంబరు వేయండి. నంబరు పడని ప్రశ్న మిగిలితే పుస్తకం ఇంకా పూర్తికానట్టే.

## 3. జబ్బు గురించి ఒకే ఒక్క కాగితం

ఆసుపత్రి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చోకండి. పిల్లల ప్రశ్నలకు జవాబు కావాల్సినంత వరకే ఒక పేజీలో రాసుకోండి. మాది ఇలా ఉంది:

- కిడ్నీలు రెండు. ఒక్కొక్కటీ పిడికిలంత. ఆకారం జీడిపప్పులా. (పలాస పక్కన పెరిగే పిల్లలకు ఇంతకంటే చక్కటి పోలిక దొరకదు. కథలో పాప అరచేతిలో రెండు జీడిపప్పులు పెట్టుకుని చూస్తుంది.)
- రక్తంలోంచి చెత్తనూ, ఎక్కువైన నీటినీ మూత్రంగా బయటికి పంపడం వాటి పని. ఆ పని ఆగితే మెషీన్ చేయాలి.
- మా నాన్నకు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.
- ఏ క్షణం చూసినా ఒంటి బయట గొట్టాల్లో ఉండే రక్తం ఇంచుమించు ఒక గ్లాసుడే. మిగతాదంతా లోపలే తిరుగుతుంది.
- మెషీన్‌కు తగిలించే వడపోత గొట్టంలో వెంట్రుకలంత సన్నటి బోలు దారాలు వేలల్లో ఉంటాయి.
- సూదులు గుచ్చడానికి ఎడమచేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్నే ఫిస్టులా అంటారు. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువు మోయించకూడదు.
- ఫిస్టులా మీద వేలు పెడితే 'జుమ్మ్' అని అదురుతుంది. అలా అదరడం మంచిదే. ఆగిందంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.
- ముట్టుకుంటే అంటుకునేది కాదు. పిల్లల అల్లరి వల్ల వచ్చేదీ కాదు.
- డయాలసిస్ జబ్బును తగ్గించదు, మనిషిని నడిపిస్తుంది.

ఒక జాగ్రత్త. "ఎందుకు వచ్చింది?" అన్నదానికి తోచిన జవాబు రాసేయకండి. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నాయి, కారణం ఇదీ అని ఇంకా ఖాయంగా తేలలేదు. నీళ్లంటారు, మందులంటారు, ఎండలో పని అంటారు. మా పుస్తకంలో తాత అనే మాట: "ఎందుకొచ్చిందో డాక్టర్లు ఎతుకుతన్నారు. నువ్వు సేసిందాని వల్ల మాత్రం కాదు." ఈ వాక్యం రెండో ప్రశ్నకూ జవాబైంది.

ఈ కాగితాన్ని జబ్బు తెలిసిన మనిషికి చూపించి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దించుకోండి. మాకు దిద్దింది డయాలసిస్ టెక్నీషియన్. నేను "రక్తం మారుస్తారు" అని రాశాను. ఆయన కొట్టేసి "కడుగుతారు" అని రాశారు. ఒక్క మాటే. కానీ మొదటి మాట చదివిన పిల్లలు తాత ఒంట్లో ఇంకొకరి రక్తం ఉందనుకుంటారు.

## 4. వారసత్వంలో ఒక్క పనే తీసుకోండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పండుగలు, వంటలు, చీరలు, గుడి, ముగ్గు అన్నీ ఒకే పుస్తకంలో కుక్కేస్తారు. అప్పుడది పర్యాటక శాఖ పోస్టరులా కనిపిస్తుంది. ఇంటి మనిషి కనిపించడు.

ఆ మనిషి చేతులతో చేసే ఒక పని ఎంచుకోండి. మగ్గం నేసే నాయనమ్మయితే మగ్గం. బుడితిలో ఇత్తడి కొట్టే మామయ్యయితే ఇత్తడి. మా నాన్నది తప్పెటగుళ్ల బృందం. మెడలోంచి ఛాతీ మీదికి వేలాడే తప్పెటలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ గంగమ్మ పాటలు, కాటమరాజు కథ.

ఎంచుకున్నాక దాన్ని దగ్గర నుంచి చూడాలి. జ్ఞాపకం మీద ఆధారపడి గీస్తే తప్పుతుంది.

చూడాల్సినవి, ఫొటో తీయాల్సినవి

- వస్తువు ముందు, వెనక, పక్క నుంచి
- తాడు ఎక్కడ కట్టారు, ముడి ఎలా వేశారు
- చేతివేళ్లు ఎక్కడ తగులుతాయి (వీడియో తీసి నెమ్మదిగా నడిపించి చూడండి)
- వాడివాడి అరిగిన చోటు
- పేరు: భాగాలకు వాళ్లు పిలుచుకునే పేర్లే రాసుకోండి, నిఘంటువులో వెతకకండి
- మోత: వాయించే మనిషిని నోటితో పలకమని అడిగి, అలాగే రాసుకోండి

## 5. రెండూ కలిసే చోటు వెతకండి

నా దృష్టిలో పుస్తకం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. ఒక పేజీలో జబ్బు, ఇంకో పేజీలో సంస్కృతి అని విడివిడిగా పెడితే పిల్లలు మొదటిది భయంతో, రెండోది విసుగుతో తిప్పేస్తారు. ఒకే వస్తువులో రెండూ ఉండాలి.

పద్ధతి తేలిక. కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు జబ్బు వల్ల ఇంట్లో మారిన చిన్న చిన్న విషయాలు, కుడివైపు ఆ చేతి పనికీ ఊరికీ సంబంధించినవి రాయండి. రెండువైపులా కనిపించిన మాట కింద గీత పెట్టండి.

మాకు రెండు దొరికాయి.

మొదటిది కొబ్బరిబొండం. ఉద్దానం అంటేనే కొబ్బరి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తంలో అది పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది. అంటే జీవితమంతా కొబ్బరితోట పెంచిన మనిషి తన చెట్టు బొండం తాగలేడు. ఈ ఒక్క సంగతి పిల్లలకు అర్థమైతే ఆహార నియమాల పట్టిక మొత్తం చెప్పినట్టే.

రెండోది మోత. ఫిస్టులాలో అదురు, ఛాతీ మీద తప్పెట. మా అమ్మాయి ఒకరోజు తాత ఎడమచేతి మీద వేలు పెట్టి ఉలిక్కిపడింది.

"తాతా, నీ సేతిలో ఏటో గూఁ అంటంది!"

"అదేటనుకున్నావ్? నా తప్పెట లోపలికెల్లి కూకుంది. పడుకున్నా ఆపదు."

ఆ ఇద్దరి మాటలూ అలాగే పుస్తకంలోకి వెళ్లాయి. ఇలాంటివి రాయడం నాకు చేతకాదు. విని రాసుకోవడమే.

## 6. కథకు ఒక్క వారం చాలు

జబ్బు మొదలైన రోజు నుంచి ఇవాళ్టి దాకా రాయాలనుకోకండి. అది పిల్లలకు కేస్ షీట్‌లా ఉంటుంది. ఒక్క వారం తీసుకోండి. ఆ వారంలో పిల్లకు ఒక కోరిక పెట్టండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో చాలా చెట్లు కూలాయి. ఆ తర్వాత తాత నాటిన మొక్క ఇప్పుడు తొలి కాపుకొచ్చింది. తొలి బొండం తాతే తాగాలని పాప కోరిక. ఇక్కణ్నుంచి కథ దానంతట అదే నడిచింది.

మా 48 పేజీల లెక్క ఇది:

- 1–6: ఆదివారం. తోట, గెల, పాప కోరిక. తాత నవ్వి మాట దాటేస్తాడు.
- 7–16: సోమవారం. తెల్లవారుజామున బస్సు, డయాలసిస్, నాలుగు గంటలు.
- 17–24: మంగళవారం. ఒళ్లు అలిసిన రోజు. తాత రోజుకు కొలిచి తాగాల్సిన నీళ్ల సీసా. పాప కోపం.
- 25–32: బుధవారం. గొట్టాల్లో రక్తం ఎంతో పాప టెక్నీషియన్‌ను అడుగుతుంది.
- 33–40: తప్పెట మోత. తాత కుడిచేతి వేళ్లతో మంచం పట్టీ మీద దరువు నేర్పుతాడు.
- 41–48: తొలి కాయ గంగమ్మకు. రెండో కాయ పాప తాగి, రుచి ఎలా ఉందో తాతకు చెబుతుంది.

చివర్లో తాతకు నయమైనట్టు చూపించకండి. నిజం కాదని పిల్లలకు వారం తిరక్కుండా తెలిసిపోతుంది, ఆ తర్వాత పుస్తకంలో మిగతా మాటలూ నమ్మరు. "చచ్చిపోతాడా?" ప్రశ్నకు మా పుస్తకంలో జవాబు: "అందరం ఎప్పుడో పోతాం. ఇవాళ మాత్రం తాత ఉన్నాడు, రేపు సెంటర్‌కు వెళ్తాడు." అమ్మ ఈ మాట చెబుతున్న గడిలో (పేజీలో ఒక్కో బొమ్మకు కట్టే చట్రంలో) ఆమె చేతిలో తాత చొక్కా ఉంది, మడత పెడుతోంది. పెద్ద మాట చెప్పేటప్పుడు చేతులకు ఒక పని ఇస్తే బొమ్మ బరువెక్కదు.

## 7. చిట్టి బొమ్మలు వేసి గడులు కట్టండి

ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టండి. ఒక్కో మడత ఒక పేజీ. అగ్గిపుల్లల మనుషులతో గీయండి. ఆరు కాగితాల్లో పుస్తకం మొత్తం వచ్చేస్తుంది. ఈ దశలో అందంగా గీయాలని కూర్చుంటే నెల పోతుంది.

- ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు పేజీకి నాలుగు నుంచి ఆరు గడులు.
- ఆసక్తి కలిగించేది కుడి పేజీ చివరి గడిలో, దాని జవాబు పేజీ తిప్పాక.
- ప్రతి నాలుగైదు పేజీలకు ఒకసారి మాటల్లేని పేజీ.
- భయపెట్టే బొమ్మ (సూది, రక్తం) పేజీ తిప్పగానే ఎదురుపడకూడదు. ముందు గడిలో సిద్ధం చేయాలి.

నాలుగు గంటల డయాలసిస్ ఎలా చూపించాలని చాలా తంటాలు పడ్డాం. చివరికి ఒకే బొమ్మను ఆరు గడుల్లో అదే కోణంలో గీశాం: మంచం, మెషీన్, కిటికీ. మారేవి మూడే. గోడ గడియారం ముళ్లు, కిటికీ వెలుగు నేల మీద జరగడం, తాత కుడిచేతి వేళ్లు. ఎడమచెయ్యి ఆరు గడుల్లోనూ కదలదు. సూదులున్న చెయ్యి కదపకూడదని ఎక్కడా రాయలేదు, చదివిన పిల్లలందరూ కనిపెట్టారు.

## 8. ప్రతి మనిషికీ ఒక గుర్తు

బొమ్మలు సరిగా రానివాళ్లకు ఇదే ఆధారం. ముఖం ఒక్కో గడిలో ఒక్కోలా వచ్చినా గుర్తు మారకపోతే పిల్లలు పోల్చుకుంటారు. మా తాతకు భుజం మీద గళ్ల తువ్వాలు, పాపకు ఒకటే జడ, అమ్మకు కళ్లజోడు.

జబ్బు గుర్తులను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 19వ పేజీలో ఫిస్టులా కుడిచేతికి వచ్చేసింది. మేమిద్దరం నాలుగుసార్లు చూసినా పట్టుకోలేదు. మా నాన్న ఒక్క చూపులో పట్టేశారు. అప్పటి నుంచి ఒక కాగితం మీద 'ఎడమ' అని పెద్దగా రాసి బల్ల మీద అతికించాం.

రంగులు తక్కువ వాడండి. మేము ఎరుపును రెండింటికే ఉంచాం: గొట్టాల్లో రక్తానికీ, గంగమ్మ కుంకుమకీ. మిగతా పుస్తకమంతా ఆకుపచ్చ, మట్టిరంగు, నీలం.

## 9. తెలుగు అక్షరాలకు చోటు వదలండి

ఇంగ్లిష్ కామిక్స్ చూసి మాటల బుడగలు గీస్తే మన మాటలు పట్టవు. తెలుగు పదాలు పొడుగు, కింద ఒత్తులు, పైన గుడులు. అందుకని వరస మార్చండి: ముందు మాటలు రాయండి, తర్వాత వాటి చుట్టూ బుడగ గీయండి.

కొలతలు

- అక్షరం 14 పాయింట్లు అయితే వరసకూ వరసకూ మధ్య 20 పాయింట్లు. తగ్గిస్తే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది.
- బుడగకు ఎనిమిది మాటలు దాటొద్దు.
- పదాన్ని మధ్యలో విరిచి కింది వరసలో వేయొద్దు. పట్టకపోతే వాక్యం మార్చండి. "డయాలసిస్‌కెళ్లొచ్చినప్పట్నుంచీ" బుడగలో పట్టదు. "సెంటర్ నుంచి వచ్చాక" పడుతుంది.

ఫాంట్ల విషయంలో యూనికోడ్‌వే వాడండి. మండలి, ఎన్టీఆర్ చదవడానికి తేలిక. గిడుగు, ధూర్జటి లాంటివి శీర్షికలకు బాగుంటాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇంక్‌స్కేప్‌లో (ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్) తెలుగు బాగానే వస్తుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి పక్కకు పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ఉండే దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని, ఆ అక్షరాలు మళ్లీ కొత్తగా టైప్ చేయాలి.

మోతలు మాత్రం ఫాంటుతో వేయకండి. చేత్తో రాయండి. మెషీన్ అలారం 'టీఁ టీఁ' సన్నగా, నిటారుగా. గజ్జెల 'ఘల్లు' గుండ్రంగా, ఎగుడుదిగుడుగా. ఫిస్టులా 'జుమ్మ్' తాత చెయ్యి పొడుగునా వంకీలు తిరుగుతూ. ఆ మూడూ రాసింది మా అమ్మాయే.

ఇక మాట తీరు. కథ చెప్పే వాక్యాలు మామూలు తెలుగులో, బుడగల్లో మాత్రం మా ఊరి యాస. 'చెయ్యి' కాదు, 'సెయ్యి'. 'ఏమిటి' కాదు, 'ఏటి'. దీన్ని దిద్దేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. తాత మాట తీసేసి తాత తప్పెట మాత్రం ఉంచితే పిల్లలకు అందేది సగమే. అయితే యాసను నవ్వించడానికి వాడకూడదు. డాక్టరు పుస్తక భాషలో, తాత యాసలో మాట్లాడితే తాతకు తెలియదన్నట్టు ఉంటుంది. మా కథలో టెక్నీషియన్‌దీ అదే యాస.

## 10. డమ్మీ కట్టి చదివించండి

రంగులు వేయకముందే జెరాక్సులు తీసి, మధ్యలో పిన్ను కొట్టి ముగ్గురు నలుగురు పిల్లలకు ఇవ్వండి. ఒకరైనా మీ ఇంటి పిల్ల కాకూడదు. పక్కన కూర్చోండి, వివరించకండి.

- వేలు ఏ గడి దగ్గర ఆగింది?
- ఏ పేజీ వెనక్కి తిప్పారు?
- ఏ పేజీ గబగబా తిప్పేశారు?
- "తాతకు ఏమైంది?" అని అడిగితే వాళ్ల మాటల్లో ఏం చెప్పారు?

పక్కింటి బాబు నీళ్ల సీసా పేజీ దగ్గర ఆగి, "తాతకు పనిష్మెంటా?" అన్నాడు. మేము అమ్మ సీసా దాచేసినట్టు గీశాం. ఆ పేజీ మొత్తం మార్చాం. ఇప్పుడు తాతే పొద్దున్న సీసాలో ఆ రోజుకు డాక్టరు చెప్పిన కొలత పోసుకుని, మూత మీద వేలితో కొడుతూ "ఇదీ ఇయ్యాల్టి వాటా" అంటాడు. అదే సీసా, అవే నీళ్లు, పోసే చెయ్యి మారింది.

ఆఖరి డమ్మీ జబ్బుపడిన మనిషికి చదివి వినిపించాలి. వద్దన్న గడి తీసేయండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

తాత ఎప్పుడూ మంచం మీదే. గడులు లెక్కపెట్టండి. సగానికి మించి మంచం మీదే ఉంటే డయాలసిస్ లేని రోజుల గడులు పెంచండి.

పిల్ల మరీ బుద్ధిమంతురాలు. కనీసం ఒక్కసారి విసుక్కోవాలి, అలగాలి. మా పాప "ఎప్పుడూ తాతేనా!" అని తలుపు వేసేస్తుంది. ఎక్కువమంది పిల్లలు మళ్లీ తీసి చూసే పేజీ అదే.

డాక్టరు ఉపన్యాసం. ఒక పేజీలో మూడు కొత్త వైద్యం మాటలుంటే రెండు తీసి వేరే పేజీకి పంపండి.

పని మధ్యలో ఆరోగ్యం మారడం. మూడో నెలలో నాన్న ఆసుపత్రిలో చేరారు. మూడు వారాలు పుస్తకం ముట్టుకోలేదు. కథలోకి ఆ సంగతి తేలేదు, ముగింపూ మార్చలేదు. అది ఒక వారం కథ, ఆ వారం నిజం. పిల్లలు గీయాలని అడిగితే మాత్రం గీయనివ్వండి, వేరే నోటుపుస్తకంలో.

## 12. అచ్చుకు ఇచ్చేటప్పుడు

పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, లేకపోతే పిన్నింగ్ కుదరదు. 50 కాపీల్లోపు అయితే డిజిటల్ ప్రింటు చాలు. అయిదారొందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు.

- బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క)
- అంచుల్లో నాలుగువైపులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరించేటప్పుడు పోయే అదనపు అంచు)
- మాటలు అంచుకు కనీసం 10 మి.మీ. లోపల, పిన్ను వైపు ఇంకాస్త ఎక్కువ
- లోపలి కాగితం 100 జీఎస్ఎం (కాగితం బరువు కొలత), అట్ట 250 లేదా 300
- ఒక ప్రూఫ్ కాపీ తీయించుకుని చేతిలో పట్టుకుని చదివాకే మిగతావి

అన్నిటికంటే ముఖ్యం: ఫైలు ఇచ్చేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేయండి, అంటే బొమ్మ గీతలుగా మార్చేయండి. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లతోనే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పని నడుస్తుంది, మన యూనికోడ్ ఫాంటు వాళ్ల కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు. మాకు మొదటి ప్రూఫ్‌లో ఒత్తులన్నీ విడిపోయి వచ్చాయి. 'అమ్మమ్మ' అన్న చోట చదవరాని గజిబిజి. కర్వ్స్ చేసి పీడీఎఫ్ ఇచ్చాక సమస్య లేదు. ఎడిట్ చేయగలిగే ఫైలు మీ దగ్గర విడిగా ఉంచుకోండి, కర్వ్స్ అయ్యాక అక్షరం దిద్దలేం.

మా నాన్న అనుమతితో ఒక కాపీ ఆయన వెళ్లే సెంటర్లో పెట్టాం. తోడు వచ్చిన పిల్లలు నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోవాలి కదా. అక్కడ అందరి చేతులకూ శానిటైజర్ ఉంటుంది, మామూలు అట్ట నెల రోజుల్లో మరకలు పడి రంగు పోయింది. రెండోసారి అట్టకు మ్యాట్ లామినేషన్ చేయించి ఇచ్చాం. మీరు అలాంటి చోట పెట్టేట్టయితే మొదటిసారే చేయించండి.